ఒకటికి మించి ఆపరేటింగ్ సిస్టమ్‌లు నడిపే బృందాలకు రిఫరెన్స్ గైడ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకే సంస్థలో విండోస్ సర్వర్లు, లినక్స్ సర్వర్లు, డిజైన్ విభాగంలో మ్యాక్‌లు, వాటికి తోడు యూనిక్స్ కుటుంబానికి చెందిన, ఎప్పుడో కొన్న ఏఐఎక్స్ లేదా సొలారిస్ యంత్రం ఒకటి ఉండడం మామూలే. బ్యాంకుల్లో, బీమా సంస్థల్లో, పెద్ద ఆసుపత్రుల్లో తరచూ కనిపించే పరిస్థితి ఇది. వీటన్నిటినీ చూసుకునేది మాత్రం నలుగురైదుగురు ఉన్న బృందమే. అలాంటి బృందం తన కోసం తాను రాసుకునే గైడ్ గురించి ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్నలు, వాటికి సమాధానాలు ఇవి. కమాండ్ల పేర్లను పలికే తీరులో తెలుగు లిపిలో ఇచ్చాం. యంత్రంలో టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే వాడాలి.

ఇంటర్నెట్‌లో వెతికితే అన్నీ దొరుకుతాయి కదా, సొంత గైడ్ ఎందుకు?

వెతికితే దొరికే సమాధానానికి మీ యంత్రం ఏ వెర్షనో తెలియదు. లినక్స్‌లో ఒక సర్వీసును మళ్లీ మొదలుపెట్టడం ఎలా అని అడిగితే, పదిహేనేళ్ల కిందటి ఇనిట్ స్క్రిప్టు పద్ధతి, ఇప్పటి సిస్టమ్‌సీటీఎల్ పద్ధతి పక్కపక్కనే కనిపిస్తాయి. లినక్స్ రకాల్లో ఫెడోరా 2011లో సిస్టమ్‌డీకి, అంటే సర్వీసులను సిస్టమ్‌సీటీఎల్‌తో నడిపే కొత్త వ్యవస్థకు మారింది, రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7తో 2014లో, డెబియన్ 8తో 2015లో మారాయి. మీ సర్వర్ ఆ గీతకు ఏ పక్కన ఉందో చెప్పగలిగింది మీ గైడ్ ఒక్కటే. చాట్‌బాట్‌ను అడిగినా ఇదే చిక్కు: మ్యాక్‌లో పనిచేసే ఆప్షన్‌ను లినక్స్ కమాండ్‌కు తగిలించి, ఎక్కడా తడబడకుండా చెప్పేస్తుంది.

రెండో కారణం కూడా ఉంది. ప్రొడక్షన్ సర్వర్లు, అంటే సంస్థ అసలు పని నడిచే సర్వర్లు ఉండే గదిలో చాలాసార్లు ఇంటర్నెట్ ఉండదు, ఉండనివ్వరు కూడా.

గైడ్‌ను సిస్టమ్ వారీగా రాయాలా, పని వారీగా రాయాలా?

పని వారీగా. ఇందులో మాకు ఏ సందేహమూ లేదు. అర్ధరాత్రి ఫోన్ మోగినప్పుడు మనిషి మనసులో ఉండేది "సొలారిస్ అధ్యాయం" కాదు, "8080 పోర్టును ఎవరు పట్టుకుని కూర్చున్నారు?" అన్న ప్రశ్న. పేజీ పేరు ఆ ప్రశ్నే కావాలి.

అదే ప్రశ్నను ఉదాహరణగా తీసుకుందాం. పోర్టు అంటే ఒక ప్రోగ్రామ్ నెట్‌వర్క్‌తో మాట్లాడే ద్వారానికి ఉన్న సంఖ్య, ప్రాసెస్ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్. లినక్స్‌లో 'ఎస్ఎస్' కమాండ్‌కు ఎల్, టీ, ఎన్, పీ ఆప్షన్లు ఇస్తే పోర్టు, దాన్ని వాడుతున్న ప్రాసెస్ పేరు ఒకే వరుసలో వస్తాయి. విండోస్‌లో 'నెట్‌స్టాట్'కు ఏ, ఎన్, ఓ ఆప్షన్లు ఇస్తే ప్రాసెస్ నంబరు వస్తుంది, పేరు కోసం 'టాస్క్‌లిస్ట్' చూడాలి. మ్యాక్‌లో 'ఎల్ఎస్ఓఎఫ్', యూనిక్స్ కుటుంబంలోదే అయిన ఫ్రీబీఎస్‌డీలో 'సాక్‌స్టాట్'. ఏఐఎక్స్‌లో మాత్రం దారి వంకరగా ఉంటుంది. ముందు నెట్‌స్టాట్‌తో సాకెట్ చిరునామా పట్టుకోవాలి, తర్వాత దాన్ని 'ఆర్ఎంసాక్' అనే కమాండ్‌కు ఇవ్వాలి. పేరు చూస్తే సాకెట్‌ను తీసేస్తుందేమో అనిపిస్తుంది. ఏదైనా ప్రాసెస్ దాన్ని వాడుతూ ఉంటే మాత్రం తీసేయదు, ఆ ప్రాసెస్ నంబరు చెప్పి ఆగుతుంది. ఈ ఒక్క వాక్యం గైడ్‌లో లేకపోతే కొత్తవాళ్లు ఆ కమాండ్ నొక్కడానికే జంకుతారు, జంకడం సబబే కూడా.

అంటే ఒక పెద్ద పట్టిక వేసి, అడ్డంగా సిస్టమ్‌లు, నిలువుగా పనులు పెడితే సరిపోతుందా?

మొదలుపెట్టడానికి పట్టిక మంచిదే. అక్కడే ఆగిపోతే చాలదు. లక్షణం ఒకటే అయినా కారణం సిస్టమ్‌ను బట్టి మారిపోతుంది, పట్టిక గడిలో అంత విషయం పట్టదు.

"పెద్ద ఫైళ్లు తుడిచేశాను, అయినా డిస్క్ నిండినట్టే చూపిస్తోంది" అన్న ఫిర్యాదు ప్రతి సిస్టమ్‌లోనూ వస్తుంది. లినక్స్‌లో ఎక్కువసార్లు కారణం ఇది: లాగ్ ఫైలును తుడిచారు, దాన్ని తెరిచి ఉంచిన ప్రాసెస్ ఇంకా నడుస్తోంది. పేరు పోయింది, చోటు మాత్రం ఆ ప్రాసెస్ వదిలేదాకా తిరిగి రాదు. డిస్క్ వాడకం చూపే 'డీఎఫ్' నిండింది అంటుంది, ఫైళ్ల పరిమాణాలను చూపే 'డీయూ'తో కూడితే లెక్క తేలదు. అలాంటి ఫైళ్లను ఎల్ఎస్ఓఎఫ్‌కు ప్లస్ ఎల్ 1 ఆప్షన్ ఇచ్చి చూడవచ్చు. లేదంటే ఐనోడ్‌లు (ఒక్కో ఫైలు వివరాలకు కేటాయించే గడులు) అయిపోయి ఉంటాయి, అది డీఎఫ్‌కు ఐ ఆప్షన్ ఇస్తేనే బయటపడుతుంది.

విండోస్‌లో తెరిచి ఉన్న ఫైలును సాధారణంగా తుడవనివ్వదు కాబట్టి మొదటి కారణం అక్కడ అరుదు. అక్కడ ముందుగా అనుమానించాల్సింది షాడో కాపీలను (విండోస్ తీసి ఉంచే పాత స్థితి నకళ్లను), అవి ఎంత చోటు తీసుకున్నాయో 'వీఎస్ఎస్ అడ్మిన్' చెబుతుంది. మ్యాక్‌లో బ్యాకప్ సాధనమైన టైమ్ మెషిన్ తన స్థానిక స్నాప్‌షాట్‌లను (డిస్క్ ఒక క్షణంలో ఉన్న స్థితి నకళ్లను) అదే డిస్క్‌లో దాచి ఉంచుతుంది, వాటి జాబితాను 'టీఎంయుటిల్' చూపిస్తుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడే సొలారిస్, ఫ్రీబీఎస్‌డీ యంత్రాల్లో కూడా స్నాప్‌షాట్ తుడిచేదాకా చోటు రాదు. నాలుగు చోట్లా ఒకే ఫిర్యాదు, వెతకాల్సిన చోటు మాత్రం ప్రతిసారీ వేరు. అందుకే పట్టిక పక్కన, ఇలాంటి పనులకు రెండు మూడు పేరాల వివరణ తప్పనిసరి.

ఒకే పేరున్న కమాండ్ అన్ని సిస్టమ్‌లలో ఒకే పని చేస్తుందనుకోవచ్చా?

అలా అనుకోవద్దు. పేరు వేరైతే కమాండ్ దొరకలేదని యంత్రమే చెబుతుంది, నష్టం లేదు. పేరు ఒకటై పని వేరైతే ఎవరూ హెచ్చరించరు. మీ గైడ్‌లో అందరూ చదివి తీరాల్సిన పేజీ ఇదే కావాలి.

'కిల్‌ఆల్' లినక్స్‌లో, మ్యాక్‌లో, ఫ్రీబీఎస్‌డీలో మీరిచ్చిన పేరున్న ప్రాసెస్‌లను మాత్రమే ఆపుతుంది. సొలారిస్‌లో అదే పేరున్న కమాండ్ యంత్రాన్ని మూసేటప్పుడు వాడడానికి పుట్టింది: రూట్‌గా (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ ఖాతాతో) నొక్కితే నడుస్తున్న ప్రాసెస్‌లన్నిటినీ ఆపేస్తుంది. పేరును బట్టి ఆపడానికి అక్కడ 'పీకిల్' ఉంది. పీకిల్ లినక్స్‌లోనూ ఉంది కాబట్టి, బృందం మొత్తం దాన్నే అలవాటు చేసుకోవడం ఉత్తమం.

'హోస్ట్‌నేమ్' కమాండ్‌కు ఎఫ్ ఆప్షన్ ఇస్తే లినక్స్ యంత్రం తన పూర్తి పేరు చెబుతుంది. పాత సొలారిస్‌లో రూట్‌గా అదే చేస్తే, "హైఫన్ ఎఫ్" అన్నదే యంత్రానికి కొత్త పేరైపోతుంది.

విండోస్‌లో 'ఎస్‌సీ' సంగతి ఇంకా చిత్రం. కమాండ్ ప్రాంప్ట్‌లో అది సర్వీసులను నడిపే సాధనం. విండోస్ పవర్‌షెల్ 5.1లో మాత్రం అదే రెండక్షరాలు 'సెట్ కంటెంట్' అనే కమాండ్‌కు పొట్టి పేరు. ప్రింట్ స్పూలర్‌ను ఆపుదామని 'ఎస్‌సీ స్టాప్ స్పూలర్' అని పవర్‌షెల్‌లో కొడితే, 'స్టాప్' అనే ఫైలు తయారై అందులో 'స్పూలర్' అన్న పదం చేరుతుంది. ఎర్రర్ రాదు. సర్వీసు నడుస్తూనే ఉంటుంది. మనిషి మాత్రం ఆపేశాననే అనుకుంటాడు. పేరు చివర డాట్ ఈఎక్స్ఈ చేర్చడమో, 'స్టాప్ సర్వీస్' వాడడమో చేయాలి.

ఇంకొన్ని తొందరగా చెప్పుకుందాం. 'ఫైండ్' యూనిక్స్ కుటుంబంలో ఫైళ్లను వెతుకుతుంది, విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఫైలు లోపలి మాటలను వెతుకుతుంది. 'యాడ్‌యూజర్' డెబియన్‌లో ఒక్కో వివరం అడుగుతూ ఖాతా తయారుచేస్తుంది, రెడ్ హ్యాట్‌లో అది 'యూజర్‌యాడ్'కే మరో పేరు, ఏమీ అడగదు. 'సెడ్' కమాండ్‌కు ఐ ఆప్షన్ ఇచ్చి ఫైలును అక్కడికక్కడే మార్చేటప్పుడు, మ్యాక్‌లో ఆ ఆప్షన్ వెంట బ్యాకప్ ఫైలు పొడిగింపు కూడా ఇవ్వాలి. ఐ పక్కనే ఖాళీ లేకుండా డాట్ బ్యాక్ అని అంటిస్తే రెండు చోట్లా నడుస్తుంది, పాత ఫైలూ మిగులుతుంది. సొలారిస్ 10లో 'రీబూట్' అంటే సర్వీసులను మర్యాదగా ఆపే స్క్రిప్టులు నడవవు. డేటాబేస్ ఉన్న యంత్రంలో 'ఇనిట్ 6' వాడాలి.

నిర్ణీత సమయాల్లో నడవాల్సిన పనుల జాబితాను చూసే 'క్రాన్‌టాబ్'లో 'ఈ' (e) అక్షరం ఆప్షన్ అంటే దిద్దడం, 'ఆర్' (r) ఆప్షన్ అంటే మొత్తం తుడిచేయడం. ఆ రెండు అక్షరాలూ కీబోర్డు మీద పక్కపక్కనే ఉంటాయి. తుడిచే ముందు చాలా సిస్టమ్‌లు అడగను కూడా అడగవు. దిద్దే ముందు ఎల్ ఆప్షన్‌తో జాబితాను ఒక ఫైలులోకి తీసి ఉంచుకోవాలని మీ గైడ్ చెప్పాలి.

యూనిక్స్ తరహా సిస్టమ్‌లు ఒకేలా పనిచేయాలని పెట్టిన పోసిక్స్ ప్రమాణం ఉంది కదా? దాన్ని పాటిస్తే ఈ తేడాలు ఉండకూడదు కదా?

1988లో వచ్చిన ఆ ప్రమాణం చాలా మేలు చేసింది. అది పట్టించుకునేది ప్రోగ్రాములకు, షెల్‌కు, రోజువారీ చిన్న కమాండ్లకు సంబంధించిన విషయాలనే. ఖాతాలు సృష్టించడం, డిస్క్‌లు విభజించడం, నెట్‌వర్క్ కార్డుకు చిరునామా ఇవ్వడం, ప్యాకేజీలు ఎక్కించడం, అంటే అడ్మిన్ రోజంతా చేసే పనుల్లో ఎక్కువ భాగం, దాని పరిధిలో లేవు.

పరిధిలో ఉన్న చోట కూడా జాగ్రత్త కావాలి. డీఎఫ్ కమాండ్ లెక్కను 512 బైట్ల బ్లాకుల్లో చూపాలని పోసిక్స్ అంటుంది. మ్యాక్, ఏఐఎక్స్ అలాగే చూపిస్తాయి. లినక్స్‌లోని గ్నూ డీఎఫ్ 1024 బైట్ల బ్లాకుల్లో చూపిస్తుంది. కే ఆప్షన్ లేకుండా పోల్చితే అదే పరిమాణం ఒక చోట రెండింతలుగా కనిపిస్తుంది. విండోస్, మ్యాక్‌ల మధ్య ఇంకో తేడా: 500 జీబీ డిస్క్‌ను విండోస్ 465 జీబీ అంటుంది, 2009 నుంచి మ్యాక్ 500 అనే అంటుంది. డిస్క్‌లో ఏమీ పోలేదు. ఒకటి 1024తో, మరొకటి 1000తో భాగిస్తోంది. కొనుగోళ్ల విభాగం నుంచి ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది కాబట్టి గైడ్‌లో రాసి పెట్టుకోండి.

యంత్రంలోనే ఉండే మాన్యువల్‌ను ఎంత నమ్మవచ్చు?

అన్నిటికంటే ఎక్కువ. మీ గైడ్ కంటే కూడా ఎక్కువ. సాధారణంగా అది ఆ యంత్రంలో ఎక్కిన వెర్షన్‌తో పాటే వచ్చినది. మీ గైడ్‌కు, దానికి తేడా వస్తే దిద్దాల్సింది గైడ్‌నే.

యూనిక్స్ మొదటి మాన్యువల్ మీద ఉన్న తేదీ 1971 నవంబరు 3. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ రాసిన ఆ పేజీల్లో ప్రతి కమాండ్ కింద 'బగ్స్' అనే శీర్షిక ఉండేది. తాము తయారు చేసినదానిలోని లోపాలను తామే పేరు పెట్టి రాశారు. యాభై ఏళ్లు దాటినా ఆ అలవాటు మ్యాన్ పేజీల్లో నిలిచి ఉంది. మీ గైడ్‌లోనూ ప్రతి పేజీ చివర అలాంటి శీర్షిక ఒకటి పెట్టండి.

'మ్యాన్' వాడేటప్పుడు విభాగం సంఖ్య తెలిసి ఉండాలి. లినక్స్, బీఎస్‌డీలలో 1 అంటే మామూలు కమాండ్లు, 5 అంటే ఫైళ్ల అమరిక, 8 అంటే అడ్మిన్ కమాండ్లు. క్రాన్‌టాబ్ ఫైలులో నిమిషం, గంట ఏ వరుసలో రాయాలో కావాలంటే 5వ విభాగం అడగాలి. ఉత్తినే అడిగితే కమాండ్ పేజీ వస్తుంది. పాత సొలారిస్‌లో అడ్మిన్ కమాండ్లు 1ఎం అనే విభాగంలో, ఫైళ్ల అమరిక 4లో ఉండేవి. సొలారిస్ 11.4 నుంచి అవి లినక్స్ తరహా సంఖ్యలకు మారాయి. కమాండ్ పేరే గుర్తుకు రాకపోతే 'అప్రోపో' అనే కమాండ్‌కు ఒక మాట ఇస్తే, ఆ మాట ఉన్న పేజీల జాబితా వస్తుంది.

విండోస్‌లో పాత కమాండ్లకు స్లాష్, ప్రశ్నార్థకం ఇస్తే సహాయం వస్తుంది. పవర్‌షెల్‌లో 'గెట్ హెల్ప్' ఉంది, 'ఎగ్జాంపుల్స్' ఆప్షన్ జోడిస్తే ఉదాహరణలతో చూపిస్తుంది. ఒక మెలిక ఉంది: 2012లో వచ్చిన పవర్‌షెల్ 3 నుంచి పూర్తి సహాయ పాఠాలు ముందుగా ఎక్కి రావు. 'అప్‌డేట్ హెల్ప్' నడిపితేనే దిగుతాయి, దానికి ఇంటర్నెట్ కావాలి. నెట్ లేని సర్వర్లకు 'సేవ్ హెల్ప్'తో మరో యంత్రంలో దించి తీసుకెళ్లాలి. కొత్త సర్వర్ సిద్ధం చేసే రోజే ఈ పని ముగించండి.

సమయం విషయంలో ఎందుకింత గందరగోళం?

రెండు సిస్టమ్‌లున్న ల్యాప్‌టాప్‌లో లినక్స్ నుంచి విండోస్‌లోకి వెళ్లగానే గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి పోయిందంటే అది బ్యాటరీ లోపం కాదు. లినక్స్ మదర్‌బోర్డు గడియారాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక కాలంలో) ఉంచుతుంది, విండోస్ దాన్ని స్థానిక సమయం అనుకుని చదువుతుంది. మన ప్రామాణిక కాలం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు ఉంది కాబట్టి తేడా అంతే వస్తుంది.

సర్వర్లలో ఇది ఇంకా లోతుగా పోతుంది. లినక్స్‌లో టైమ్ జోన్ పేరు 'ఏషియా/కోల్‌కతా', విండోస్‌లో 'ఇండియా స్టాండర్డ్ టైమ్'. పోసిక్స్ పాత పద్ధతిలో రాసే చోట, ఏఐఎక్స్ యంత్రాల్లో ఇంకా ఎదురయ్యేది, 'ఐఎస్‌టీ' పక్కన మైనస్ 5:30 అని రాయాలి. అక్కడ గ్రీనిచ్‌కు తూర్పున ఉన్నవాటికి మైనస్ గుర్తు. ప్లస్ పెడితే పదకొండు గంటల తేడా వస్తుంది.

విండోస్ ఖాతాల వ్యవస్థ అయిన యాక్టివ్ డైరెక్టరీకి చేర్చిన లినక్స్ యంత్రంలో పాస్‌వర్డ్ సరైనదే అయినా లాగిన్ కాకపోతే ముందు గడియారం చూడండి. అక్కడ లాగిన్‌ను సరిచూసే కెర్బరోస్ పద్ధతి డిఫాల్ట్‌గా 5 నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది. హైదరాబాద్‌లో కూర్చుని డల్లాస్ సర్వర్లు చూసే బృందాలైతే అమెరికాలో మార్చి, నవంబరులో గడియారాలు మారే ఆదివారాలను క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాలి. గైడ్‌లో ప్రతి సమయం పక్కనా ఐఎస్‌టీనో, యూటీసీనో రాయడం నియమంగా పెట్టుకోండి.

లాగ్‌లు ఏ సిస్టమ్‌లో ఎక్కడ ఉంటాయి?

రెడ్ హ్యాట్ కుటుంబంలో 'వార్' (var) డైరెక్టరీ కింద 'లాగ్'లో 'మెసేజెస్' ఫైలు, డెబియన్ (11 వరకు), ఉబుంటు సర్వర్లలో అదే చోట 'సిస్‌లాగ్'. సిస్టమ్‌డీ ఉన్న ఏ లినక్స్‌లోనైనా 'జర్నల్‌సీటీఎల్'. అయితే కొన్ని అమరికల్లో జర్నల్ మెమరీలోనే ఉండి, రీబూట్‌తో పోతుంది, ముందే చూసుకోండి. సొలారిస్‌లో వార్ కింద 'ఏడీఎం'. ఏఐఎక్స్‌లో హార్డ్‌వేర్ లోపాలకు 'ఎర్‌పీటీ' కమాండ్. మ్యాక్‌లో 2016 నుంచి అంతా ఒకే లాగ్ వ్యవస్థలోకి పోతుంది, 'లాగ్ షో'తో చదవాలి.

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్. అక్కడ సంఖ్యలు గుర్తుంటే పని సగమైనట్టే: 4624 విజయవంతమైన లాగిన్, 4625 విఫలమైన లాగిన్, 1074 ఎవరో ఒకరు లేదా ఏదో ఒక ప్రోగ్రామ్ కావాలని రీస్టార్ట్ చేయించడం, 6008 చెప్పాపెట్టకుండా ఆగిపోవడం. "సర్వర్ దానంతటదే రీస్టార్ట్ అయింది" అన్న ఫిర్యాదు వస్తే 1074, 6008లలో ఏది ఉందో చూడడమే మొదటి పని.

భారత్‌లో పనిచేసే సంస్థలకు ఇది చట్టానికి సంబంధించిన విషయం కూడా. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు ఉంచాలి, పేర్కొన్న తరహా సైబర్ సంఘటనలను గుర్తించిన 6 గంటల్లోపు తెలియజేయాలి. మీ ఏఐఎక్స్ యంత్రంలో లాగ్ ముప్పై రోజులకే చెరిగిపోతోందా అన్నది ఆ ఆరు గంటల్లో తెలుసుకోవాల్సిన విషయం కాదు.

గైడ్‌లో ఒక్కో పేజీలో ఏమేం ఉండాలి?

పని పేరు, ఏ సిస్టమ్‌లో ఏ వెర్షన్ మీద పరీక్షించారు, ఎవరు ఎప్పుడు పరీక్షించారు, రూట్ లేదా అడ్మినిస్ట్రేటర్ హక్కు కావాలా, కమాండ్, అది సరిగా జరిగిందని ఎలా తెలుస్తుంది, జరగకపోతే వెనక్కి ఎలా రావాలి. చివరి రెండూ చాలా గైడ్‌లలో కనిపించవు, ఉండి తీరాల్సినవి అవే.

వీటికి ముందు ఇంకో వరుస ఉండాలి: "నేను ఏ యంత్రంలో ఉన్నాను?" 2017 జనవరి 31న ప్రోగ్రాముల కోడ్‌ను దాచే సేవ నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు రెండో డేటాబేస్ సర్వర్‌లో తుడవాల్సిన డైరెక్టరీని ప్రధాన సర్వర్‌లో తుడిచారు. దాదాపు 300 జీబీ డేటాలో నాలుగున్నర జీబీ మిగిలింది. బ్యాకప్ కోసం చూస్తే, డేటాబేస్ వెర్షన్ 9.6 అయితే బ్యాకప్ తీసే సాధనం 9.2ది, అది ఎప్పటినుంచో విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు కూడా చేరలేదు. చివరికి సుమారు ఆరు గంటల డేటా శాశ్వతంగా పోయింది. ఆ సంస్థ ఇదంతా దాచకుండా బయటపెట్టింది, అందుకు మనమందరం రుణపడి ఉన్నాం. యంత్రం పేరు చూసుకోవడం, సాధనం వెర్షన్ చూసుకోవడం, బ్యాకప్‌ను నిజంగా తిరిగి ఎక్కించి చూడడం, ఈ మూడింటికీ గైడ్‌లో చోటుండాలని ఆ సంఘటన చెబుతుంది.

ప్రాంప్ట్ రంగు ప్రొడక్షన్‌లో ఎరుపు, టెస్ట్‌లో ఆకుపచ్చ పెట్టుకోవడం చిన్న పనే, అన్ని సిస్టమ్‌లలోనూ వీలవుతుంది.

పాస్‌వర్డ్‌లు గైడ్‌లో రాయవచ్చా?

వద్దు. పాస్‌వర్డ్ ఏ వాల్ట్‌లో (పాస్‌వర్డ్‌లను భద్రంగా దాచే సాధనంలో) ఉంది, దాన్ని తెరిచే హక్కు ఏ పదవిలో ఉన్నవారికి ఉంది అన్నది మాత్రమే రాయండి.

గైడ్‌ను ఎక్కడ దాచాలి?

అది వివరించే యంత్రాలు పడిపోయినా చదవగలిగే చోట. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర దగ్గర ఆగిపోయాయి. ఆ రోజు హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా చూసింది. మరమ్మతు కష్టమైనదేమీ కాదు: సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైలు తుడవాలి. కానీ చాలా యంత్రాల దగ్గరికి మనిషి వెళ్లి చేయాల్సి వచ్చింది, బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే ఎన్‌క్రిప్షన్ తాళం) ఉన్న చోట ముందు 48 అంకెల రికవరీ కీ కావాల్సి వచ్చింది. ఆ కీలు దాచిన సర్వర్ కూడా విండోసే అయి, అదీ పడిపోయి ఉంటే ఇక దారి మూసుకుపోయినట్టే.

ఆ రోజు లినక్స్, మ్యాక్ యంత్రాలకు ఏమీ కాలేదు. కాబట్టి గైడ్ నకలు ఒకటి విండోస్ వైపు, ఒకటి లినక్స్ వైపు ఉండాలి. అత్యవసరమైన పేజీలను, అంటే విద్యుత్ పోయాక ఏ సర్వర్‌ను ఏ వరుసలో లేపాలి, కీలు ఎక్కడున్నాయి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవాటిని, కాగితం మీద అచ్చు వేసి సర్వర్ గదిలో ఒకటి, బృంద నాయకుడి దగ్గర ఒకటి ఉంచాలి. గోడ మీద ఇంటి తాళంచెవి నకలు వేలాడదీసినట్టు కాకుండా, రికవరీ కీలు మాత్రం వేరే సీలు కవరులో ఉండాలి.

వర్డ్ డాక్యుమెంట్‌లో రాసుకుంటే ఏమవుతుంది?

కమాండ్లు పాడవుతాయి. వర్డ్ తనంతట తానే నిలువు కోట్లను వంకర కోట్లుగా, రెండు హైఫన్లను ఒక పొడవు గీతగా మారుస్తుంది. చూడడానికి అందంగా ఉంటుంది, టెర్మినల్‌లో అతికిస్తే ఎర్రర్ వస్తుంది లేదా ఇంకో అర్థం వస్తుంది. సాదా టెక్స్ట్‌లోనో, మార్క్‌డౌన్‌లోనో రాసి, ప్రతి మార్పునూ నమోదు చేసే గిట్‌లో పెట్టండి. ఎవరు ఏ రోజు ఏ వరుస మార్చారో తెలుస్తుంది.

విండోస్‌లో సేవ్ చేసిన స్క్రిప్టు లినక్స్‌లో "ఇంటర్‌ప్రెటర్ దొరకలేదు" అని మొరాయిస్తే, వరుస చివర కనిపించని అదనపు అక్షరం ఒకటి చేరింది. విండోస్ వరుసను రెండు అక్షరాలతో ముగిస్తుంది, యూనిక్స్ కుటుంబం ఒకదానితో. 'డాస్ టు యూనిక్స్' అనే చిన్న సాధనం దీన్ని సరిచేస్తుంది.

గైడ్‌ను తెలుగులో రాయవచ్చా?

వివరణ తప్పకుండా తెలుగులో రాయండి. "ఈ కమాండ్ నొక్కాక రెండు నిమిషాలు స్పందన ఉండదు, భయపడి మళ్లీ నొక్కొద్దు" అన్న మాట రాత్రి షిఫ్టులో ఒంటరిగా ఉన్న కుర్రాడికి సొంత భాషలో చేరితే ఆ చేయి ఆగుతుంది. కమాండ్లు, ఫైళ్ల పేర్లు, ఎర్రర్ సందేశాలు ఇంగ్లిష్‌లో ఉన్నవి ఉన్నట్టే ఉంచాలి, అతికించడానికీ, వెతకడానికీ అవే కావాలి. ఫైళ్లను యూటీఎఫ్-8లో సేవ్ చేయండి. లినక్స్ గ్రాఫిక్స్ లేని కన్సోల్‌లో తెలుగు అక్షరాలు కనిపించవు కాబట్టి, సర్వర్ తెర మీదే చదవాల్సిన పేజీలు ఏవైనా ఉంటే వాటికి చిన్న ఇంగ్లిష్ ప్రతి కూడా ఉండాలి. బృందంలో తెలుగు రానివారు ఉంటే మాత్రం మొత్తం ఇంగ్లిష్‌లోనే రాయడం న్యాయం.

చాలా యంత్రాల్లో పనులను ఒకేసారి చేయించే యాన్సిబుల్ లాంటి సాధనం వాడుతున్నాం. ఇంకా గైడ్ కావాలా?

కావాలి, కాకపోతే చిన్నదవుతుంది. యాన్సిబుల్ ప్లేబుక్‌లే (పనుల వరుసను రాసి ఉంచే ఫైళ్లే) చాలా పేజీల స్థానంలో నిలుస్తాయి, అది మంచి మార్పే. అయితే ఆ సాధనం కూడా సిస్టమ్‌ల తేడాను చెరిపేయలేదు. లినక్స్‌తో అది ఎస్ఎస్‌హెచ్ ద్వారా మాట్లాడుతుంది, విండోస్‌తో సాధారణంగా విన్‌ఆర్ఎం ద్వారా. సర్వీసులకు 'సర్వీస్' అని ఒక మాడ్యూల్, 'విన్ సర్వీస్' అని ఇంకో మాడ్యూల్. నెట్‌వర్క్ తెగిపోయి, కన్సోల్ ముందు కూర్చోవాల్సి వచ్చినప్పుడు ప్లేబుక్ నడవదు. ఆ గంటకు సరిపడా చేతి కమాండ్ల పేజీలు ఉండనివ్వండి.

ఎంతకాలానికి ఒకసారి సరిచూడాలి?

క్యాలెండర్ కంటే మార్పులను బట్టి సరిచూడడం మేలు. కొత్త వెర్షన్ ఎక్కించిన వారంలో దానికి సంబంధించిన పేజీలన్నీ నడిపి చూడండి. మద్దతు ముగిసే తేదీలు గైడ్ మొదటి పేజీలోనే ఉండాలి: సెంటోస్ 7కు 2024 జూన్ 30తో, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది. సరిచూసే పని బృందంలో కొత్తగా చేరినవారికి అప్పగించండి. తెలిసినవారు చదివితే లోటు కళ్లకు కనిపించదు, మనసు పూరించేస్తుంది. కొత్తవారు ఎక్కడ ఆగారో అక్కడ ఒక వాక్యం తక్కువైందని అర్థం.

పాత యంత్రాన్ని తీసేశాం. దాని పేజీలు తుడిచేయవచ్చా?

ఆ యంత్రం తీసిన బ్యాకప్ టేపులు ఉన్నంతకాలం వద్దు. ఏఐఎక్స్‌లో 'బ్యాకప్' కమాండ్‌తో తీసినదాన్ని అన్ని చోట్లా దొరికే 'టార్' కమాండ్ చదవలేదు, దాని జోడీ అయిన 'రిస్టోర్' కావాలి. సొలారిస్‌లో 'యూఎఫ్ఎస్ డంప్', హెచ్‌పీ-యూఎక్స్‌లో 'ఎఫ్‌బ్యాకప్' కూడా అలాంటివే. కంపెనీల చట్టం 2013లోని 128వ సెక్షన్ ప్రకారం లెక్కల పుస్తకాలను కనీసం 8 ఆర్థిక సంవత్సరాలు భద్రపరచాలి. ఆ లెక్కలు పాత యంత్రం టేపుల్లో ఉంటే, వాటిని చదివే పద్ధతి కూడా అన్నేళ్లూ ఉండాలి. పేజీలను 'పాతవి' అనే విభాగంలోకి మార్చి, టేపు పెట్టె సంఖ్య, ఏ కమాండ్‌తో తీశారు, ఏ బ్లాక్ సైజుతో తీశారు అన్నవి పైన రాయండి. వీలైతే యంత్రాన్ని ఆపే ముందే ఆ టేపులను చదివి, టార్ రూపంలోకి మార్చి, కొత్త చోట దాచండి.